ఉస్తాద్ బొమ్మలో అయిదో సీటు

ఉస్తాద్ పోయాడన్న వార్త వచ్చేసరికి నా తల ఇంకొకడి చేతిలో ఉంది. గల్ఫ్‌లో, అల్ ఘర్రాఫాలో మా ఇంటి పక్క మాల్‌లో, మెడ చుట్టూ నల్లగుడ్డ కట్టించుకుని, రెండు చేతులూ దాని కింద ఇరికించుకుని కూర్చున్నాను. ఒళ్ళో ఫోన్ మోగింది. గుడ్డ కిందే తడుముకుంటుంటే కటింగ్ చేస్తున్నాయన కత్తెర ఆపి నా వంక అనుమానంగా చూశాడు. ఎలాగో ఫోన్ బయటికి లాగి మెసేజ్ చదివాను. కోరుట్లలో, ఈ పొద్దున, నిద్రలోనే పోయాడట. పద్నాలుగేళ్ళు నా తలని ఏలిన మనిషి పోయిన పూట నేను మాల్ సెలూన్లో ఉన్నాను. ఆయన బతికుండగా ఈ సంగతి తెలిస్తే నాకు మూడేళ్ళ శిక్ష పడేది. ఆ శిక్ష ఏమిటో తరవాత చెబుతాను.

సగం కటింగ్‌తో లేచి వచ్చేశానని రాస్తే బాగుంటుంది. కానీ ఎడమవైపు ఒకలా, కుడివైపు ఒకలా ఉన్న తలతో మర్నాడు ఆఫీసుకి వెళ్ళాల్సింది నేను. పూర్తయ్యేదాకా కూర్చుని, ఆ తరవాతే కారు తీసుకుని ఉమ్ సలాల్ వెళ్ళాను. ఉస్తాద్ కొట్టు ఇప్పుడు వేరేవాళ్ళది. అద్దాలు మారాయి, కుర్చీలు మారాయి, గోడ మీద బొమ్మ మాత్రం ఉంది. గౌరవంతో ఉంచారనుకునేరు. దాని వెనక పాత విండో ఏసీ పీకేసిన కన్నం ఉంది. బొమ్మ తీస్తే ఎండా దుమ్మూ పావురాలూ లోపలికొస్తాయి.

బొమ్మలో అయిదుగురు బెంచీ మీద కూర్చుని ఉంటారు. పక్కన కుర్చీ, కుర్చీలో మొహమంతా నురగతో ఒకడు, వాడి వెనక కత్తెర పట్టుకుని ఉస్తాద్. ఉస్తాద్ మొహానికి అడ్డంగా ఒక నీలం గీత. అది ఈ దేశం వదిలి ఇంటికి వెళ్ళే రోజున ఆయన తనకి తానే గీసుకున్నది. బెంచీ చివర, అయిదో సీట్లో, నిగనిగలాడే నల్లజుట్టుతో ఒక బస్సు డ్రైవరు. ఆ సీటు నాకు రావాల్సింది. వచ్చినంత పనయింది కూడా.

ఉస్తాద్ అసలు పేరు నాకు తెలియదు. లైసెన్సు మీద అరబ్బీలో ఉండేది, అరబ్బీ నాకు రాదు. ఒకసారి అడిగితే, "పేరుతోని కటింగ్ జేస్తనా సార్, చేతులతోని జేస్త" అన్నాడు. పొట్టి మనిషి. ఎత్తైన వాళ్ళకి కటింగ్ చేయడానికి ఖాళీ నూనె డబ్బా ఒకటి బోర్లించి దాని మీద నిలబడేవాడు. ఇంట్లో దక్కనీ, కొట్లో తెలుగు, పోలీసులతో అరబ్బీ, తనలో తాను మాట్లాడుకునేటప్పుడు మూడూ. రేడియోతో కూడా గొడవపడేవాడు.

మొదటిసారి వెళ్ళినప్పుడు నేను మా తణుకు పద్ధతిలో, మర్యాదగా, వెనక పొట్టిగా, పక్కలు తేలిగ్గా, ముందు మాత్రం కొంచెం ఉంచండి అని వివరంగా చెప్పాను. శ్రద్ధగా విన్నాడు. తలూపాడు. తరవాత తనకి తోచినట్టు చేశాడు. అదేమిటంటే, "మీరు జెప్పినట్టు జేస్తె మీరు జేస్కున్నట్టే గద సార్. మల్ల నేనెందుకు?" అన్నాడు. చెప్పకూడదు గానీ, ఆ కటింగ్ బాగుంది.

ఆయన దగ్గర తల సొంతదారుడిది కాదు. రెండు వేళ్ళు చెవి పైన ఆనించి, కుళాయి తిప్పినట్టు తిప్పేవాడు. ఎటు తిప్పితే అటు తిరగాలి. గడ్డం గీసేటప్పుడు, మనం నోరు మెదపలేని సమయం చూసి, ప్రశ్నలు అడిగేవాడు. "మీ మేనేజర్ మంచోడా సార్?" అని గొంతు మీద కత్తి పెట్టి అడిగితే ఏం చెబుతాం? మన మౌనాన్ని అంగీకారం కింద తీసుకుని, ఆ వారమంతా కొట్టుకి వచ్చిన ప్రతివాడికీ మా మేనేజర్ మంచివాడని చెప్పాడు. ఆ మాట తిరిగి తిరిగి మేనేజర్ చెవిలో పడి, ఆయన నా వంక కొన్నాళ్ళు ప్రేమగా చూశాడు.

మనుషుల్ని ఆయన వెనక నుంచి గుర్తుపట్టేవాడు. ముందు నుంచి చూస్తే కొన్నిసార్లు తడబడేవాడు గానీ, మెడ చూపిస్తే ఊరు, ఉద్యోగం, ఆఖరిసారి ఎప్పుడొచ్చాడో కూడా చెప్పేవాడు. "ముంగట అందరు నాటకమాడ్తరు సార్. ఎనుక ఎవ్వనికి చాత కాదు" అనేవాడు.

ఇక బొమ్మ సంగతి. ఒకనాడు విండో ఏసీ పాడై, కొత్త రకం పెట్టారు. గోడకి కిటికీ అంత కన్నం మిగిలింది. బిర్కత్ అల్ అవామిర్‌లో కంటైనర్ల యార్డులో పనిచేసే శ్రీకాకుళం పెయింటర్ ఒకాయన, ఏదో యంత్రం వచ్చిన చెక్కపెట్టె తాలూకు ప్లైవుడ్ తెచ్చి కన్నానికి కొట్టాడు. ఉత్త చెక్క చూడ్డానికి బాగోలేదని ఉస్తాద్ సణిగితే, అయితే బొమ్మేస్తానన్నాడు. ఆయన రోజూ చేసే పని కంటైనర్ల మీద నంబర్లు వేయడం. బొమ్మలు వేయడం ఎక్కడ నేర్చుకున్నాడని ఎవరూ అడగలేదు. అడిగుంటే బాగుండేది.

రంగులు యార్డులో మిగిలినవే. కంటైనర్ నీలం, జాగ్రత్త బోర్డుల పసుపు, ఇనుముకి తుప్పు పట్టకుండా పూసే ఎర్ర రంగు. కాబట్టి బొమ్మలో అందరి ఒళ్ళూ వంతెనల రంగులో ఉంటాయి. అందరికీ ఒకే ముక్కు. ఎవరైనా నిలదీస్తే పెయింటర్, "నాకొచ్చినదొక్క ముక్కే బాబూ, ఏటి సేత్తాను?" అనేవాడు. పెట్టె మీద అచ్చు వేసిన బాణం గుర్తు, ఇటువైపు పైకి ఉంచాలని చెప్పేది, ఎన్ని పూతలు వేసినా మూడోవాడి నెత్తిలోంచి మొలుచుకొచ్చేది.

బెంచీ మీద అయిదుగురికే చోటు. మొదట్లో ఆ శుక్రవారం కొట్లో ఎవరుంటే వాళ్ళని వేశాడు. అందులో ఒక నేపాలీ కొన్నాళ్ళకి వీసా క్యాన్సిల్ చేయించుకుని ఇంటికి బయల్దేరాడు. చివరి కటింగ్‌కి వచ్చి బొమ్మ ముందు నిలబడితే ఉస్తాద్ అతని చేతికి కుంచె ఇచ్చి, "నీ వీసా నువ్వే క్యాన్సిల్ కొట్టుకో" అన్నాడు. అతను నవ్వుతూ తన మొహానికి అడ్డంగా ఒక నీలం గీత గీశాడు. మరుసటి వారం పెయింటర్ దాని మీద పూత వేసి ఇంకొకణ్ణి కూర్చోబెట్టాడు. అంతే, అదొక పద్ధతయిపోయింది. పోయేవాడు తన గీత తనే గీసుకోవాలి. గీత పడితేనే సీటు ఖాళీ.

ఇంక చూడండి. సర్కారు ఉద్యోగానికి కూడా అంత పోటీ ఉండదు. మూడేళ్ళు విడవకుండా ఉస్తాద్ చేతే కటింగ్ చేయించుకుని ఉండాలన్నది మొదటి అర్హత. జాబితా ఆయన తలకాయలో ఉండేది. ఖర్జూరాల పెట్టెలు, హలీం డబ్బాలు, ఊరి నుంచి తెచ్చిన మామిడి తాండ్ర, అన్నీ తీసుకునేవాడు, ఒక్కణ్ణీ పైకి జరిపేవాడు కాదు. నేను జాబితాలో రెండోవాణ్ణయి ఉండగా, ఒకరోజు సూపర్‌మార్కెట్లో వంకాయలు ఏరుకుంటుంటే వెనక నుంచి మెడ మీద ఎవరిదో వేలు పడింది. ఉలిక్కిపడి చూస్తే ఉస్తాద్. "ఎవలు కొట్టిండ్రు సార్ ఇది?" అన్నాడు. పెళ్ళికి వెళ్ళే తొందరలో ఒకే ఒక్కసారి వేరే చోట చేయించుకున్నాను. నా మూడేళ్ళూ సున్నా అయ్యాయి. మళ్ళీ మొదటి నుంచి లెక్క.

ఆయన పెట్టిన ఇంకో నియమం, బొమ్మ అబద్ధం ఆడకూడదు. బెంచీ మీద ఉన్నవాడి జుట్టు పలచబడితే బొమ్మలోనూ పలచబడాల్సిందే. ఆరునెల్లకోసారి పెయింటర్‌ని పిలిపించి తలలన్నీ సరిచేయించేవాడు. పక్క కిరాణా కొట్టు మలయాళీ ఒకసారి పెద్ద రగడ చేశాడు, తన నడినెత్తి అంత ఖాళీగా లేదని. ఉస్తాద్ ఇంకో అద్దం తెచ్చి ఆయన తల వెనక పట్టుకున్నాడు. ఆ మలయాళీ చాలాసేపు చూసుకుని, దిగాలుగా టీ తాగి వెళ్ళిపోయాడు.

ఇంత నిజాయితీపరుడూ ఒక్క మనిషి దగ్గర మాత్రం జారిపోయేవాడు. ఆయనే అయిదో సీటు డ్రైవరు. మా కంపెనీ బస్సు నడిపేవాడు, క్యాంపు నుంచి సైటుకి, సైటు నుంచి క్యాంపుకి. జగిత్యాల వైపు మనిషి. ఉస్తాద్ ఆయన్ని బావా అని పిలిచేవాడు, ఆయన ఉస్తాద్‌ని బామ్మర్దీ అనేవాడు. వరసలు ఎలా కలిశాయో వాళ్ళిద్దరికే తెలియాలి. యాభై ఎనిమిదేళ్ళకి కూడా ఆయన తల కాకిరెక్కలా ఉండేది. "మా నాయినకు పోయేదాక నల్లగనే ఉండె సార్. మా ఖాందాన్‌ల తెల్ల ఎంటిక లేదు" అని మీసం తిప్పేవాడు. బొమ్మలో మిగతా నలుగురికీ తెల్లజుట్టూ బట్టతలా వస్తున్నా ఆయన కుర్రాడిలా ఉండేవాడు. కిరాణా మలయాళీ అది చూపించి అడిగితే, "ఉన్నది ఏసినం. నీకు లేకపోతె నేనేం జెయ్యాలె?" అని ఉస్తాద్ గదమాయించాడు.

పదిహేను రోజులకోసారి శుక్రవారం ఆయన ఆఖరి గిరాకీగా వచ్చేవాడు. ఆయన రాగానే ఉస్తాద్ తలుపుకి మూసివేత బోర్డు తిప్పి, తెర లాగేవాడు. ఎందుకంటే మసాజ్ అనేవాడు. బస్సు డ్రైవరుకి తెర చాటు మసాజేమిటని మాకు అనుమానంగా ఉండేది. మా అనుమానాలు చాలా దూరం వెళ్ళాయి, అవి ఇక్కడ రాయను.

చివరికి డ్రైవరు ఇంక చాలనుకున్నాడు. క్యాన్సిల్ పెట్టాడు. ఆ కాగితాలు చేసింది నేనే, కంపెనీలో ఆ పని నాది. అప్పటికి నా రెండో మూడేళ్ళు పూర్తయ్యాయి. జాబితాలో నేనే మొదటివాణ్ణి. ఆయన నా టేబుల్ దగ్గర సంతకాలు పెడుతూ, "నా సీటు మీకే వస్తదట గద సార్. ముక్కు జర మంచిగ ఏపిచ్చుకోండ్రి" అన్నాడు. నేను ఆ రాత్రి అద్దంలో నా ముక్కు చూసుకున్నాను. నలభై ఆరేళ్ళవాణ్ణి, ఇద్దరు పిల్లల తండ్రిని.

శుక్రవారం ఆయన విమానం. గురువారం ఉస్తాద్ దగ్గర ఊరికి పోయే కటింగ్. ఇక్కడ అదొక ప్రత్యేకమైన కటింగ్. సెలవు మీద వెళ్ళేవాడు ముందురోజు సెలూన్‌కి వెళ్ళి, తలా గడ్డమూ మొహమూ అన్నీ చేయించుకుంటాడు. ఏడాదంతా ఎండలో ఎలా మాడాడో విమానం దిగేటప్పుడు ఇంటివాళ్ళకి కనపడకూడదు. ఉస్తాద్ దానికి గంటన్నర తీసుకునేవాడు, ఆ గంటన్నరలో రేడియోని కూడా తిట్టేవాడు కాదు.

మంగళవారం పొద్దున డ్రైవరు మనుషుల్ని సైటులో దింపి, బస్సు యార్డుకి తెచ్చి, గీతల మధ్య సరిగ్గా నిలిపి, హ్యాండ్‌బ్రేకు వేసి, స్టీరింగ్ మీద తల వాల్చి పోయాడు. గుండె అన్నారు. హ్యాండ్‌బ్రేకు వేసి మరీ పోయాడని యార్డులో వాళ్ళు పదే పదే చెప్పుకున్నారు. శవాన్ని ఇంటికి పంపే కాగితాలూ నేనే చేశాను. రెండు రోజుల కింద ఇదే మనిషి కాగితాలు వేరే రకంగా చేశాను కదా అని, ఫారం నింపుతుంటే పెన్ను ఆగింది.

బుధవారం సాయంత్రం మా ఆఫీసుకి ఇస్త్రీ చొక్కా వేసుకుని ఒక పొట్టి మనిషి వచ్చాడు. ఎవరో సబ్ కాంట్రాక్టరు అనుకున్నాను. పలకరిస్తేగానీ ఉస్తాద్ అని తెలియలేదు. కొట్టు బయట ఆయన్ని అంత తిన్నగా నిలబడి ఉండగా ఎప్పుడూ చూడలేదు.

"బావను ఎప్పుడు పంపుతున్నరు సార్?"

"రేపు మధ్యాహ్నం ఫ్లైటుకండీ. పొద్దున్నే మార్చురీ దగ్గర తీసుకుంటాం."

"పెట్టెల పెట్టకముందు నాకు పది నిమిషాలు ఇప్పియ్యాలె."

"చూడ్డానికైతే నాతో రండి, ఇబ్బంది లేదు."

"సూసుడు గాదు. ఊరికి పోయే కటింగ్ చెయ్యాలె."

ఉస్తాద్ కుర్చీ దగ్గరికి లాక్కుని, చుట్టూ చూసి, గొంతు తగ్గించాడు. "రంగు సార్. రంగెయ్యాలె. పోయిన శుక్రారం ఆయనకు డ్యూటీ పడ్డది, రాలే. ఇరవై దినాలయింది. మొదళ్ళు సున్నం లెక్క కనవడ్తయి. ఇంటామెకు తెల్వది. ఇరవై రెండేండ్ల సంది ఆమెకు తెల్వకుంట దాస్కున్నడు. రేపు పెట్టె తెరువంగనే తెలుస్తది. బావ ఇజ్జత్ వోతది."

తెర చాటు మసాజ్ అదన్నమాట. నాకు నవ్వొచ్చింది, నవ్వకూడని చోట వచ్చే నవ్వు. తరవాత నాలో ఉన్న ఆఫీసు మనిషి లేచాడు. అలాంటివాటికి ఎవరూ ఒప్పుకోరనీ, ఎవర్ని అడగాలో కూడా తెలియదనీ, ఉన్న కాగితాలే ఎక్కువయ్యాయనీ చెప్పాను. ఉస్తాద్ అన్నీ విన్నాడు. తరవాత టేబుల్ మీదికి వంగాడు.

"అయిదో సీటు మీకే ఇస్త సార్. ఈ శుక్రారమే. పెయింటర్‌ను నేనే పిలుస్త. క్యాన్సిల్ గీత బావ బదులు నేను గీస్త."

ఇన్నేళ్ళలో ఎవరి ఖర్జూరానికీ లొంగని మనిషి నాకు లంచం ఇస్తున్నాడు. ఆ సీటు మాట వినబట్టి ఒప్పుకోలేదని రాయాలని ఉంది. రాయలేను. కొంత దానివల్లే ఒప్పుకున్నాను. ఆ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ నా చెవులు వేడెక్కుతాయి.

మర్నాడు పొద్దున నా కారులో వెళ్ళాం. ఉస్తాద్ స్టీలు గిన్నె ఒళ్ళో పెట్టుకుని దారంతా రంగు కలుపుతూనే ఉన్నాడు. అక్కడికెళ్ళి కలిపితే టైము చాలదట. అసలు ఆ పరిస్థితిలో జుట్టుకి రంగు పట్టుకుంటుందా అని అడిగాను. "ఎంటికకు పానం ఎన్నడున్నది సార్? బతికినోనికైనా సచ్చినోనికైనా ఒక్క తీర్గనే ఎక్కుతది" అన్నాడు.

మార్చురీలో ఉన్న అటెండరు మేం చెప్పింది విని, మా ఇద్దర్నీ, గిన్నెనీ, కుంచెనీ మార్చి మార్చి చూశాడు. ఎలా అర్థం చేసుకున్నాడో, అతనూ ఎక్కడో ఇల్లొదిలి వచ్చినవాడే కదా, "దస్ మినిట్. యల్లా" అని, త్వరగా కానివ్వమన్నట్టు చెయ్యి ఊపాడు.

ఉస్తాద్ చొక్కా చేతులు మడిచాడు. "బావా, లేటయింది, ఏమనుకోకు" అన్నాడు. ముందు గడ్డం గీశాడు. మీసం సరిచేశాడు. నుదుటి దగ్గర నుంచి రంగు మొదలుపెట్టాడు. కుడివైపు వేయడానికి, అలవాటుగా, రెండు వేళ్ళు చెవి పైన ఆనించి తల తిప్పబోయాడు. తల తిరగలేదు. ఇంకొంచెం నొక్కాడు. తిరగలేదు. వేళ్ళు అలాగే ఉంచి ఒక్క క్షణం ఆగాడు. తరవాత గిన్నె తీసుకుని, తనే బల్ల చుట్టూ తిరిగి అటువైపు వెళ్ళాడు.

పది నిమిషాలన్నది పదిహేను అయింది. అటెండరు తలుపు దగ్గర గడియారం చూపించి "ఖలాస్, ఖలాస్" అన్నాడు. ఉస్తాద్ తడిగుడ్డతో గబగబా తుడిచాడు. జుట్టు నల్లబడింది. కానీ కుడి చెవి మీద నల్లటి మరక. బొటనవేలితో రుద్దాడు, ఉమ్మి తడి చేసుకుని రుద్దాడు. పోలేదు. రంగు చర్మానికి పట్టేసింది. మమ్మల్ని పక్కకి జరగమన్నారు. పెట్టె మూశారు.

కారులో కూర్చున్నాక ఉస్తాద్ తన సరంజామా పెట్టె తెరిచాడు. అందులో వ్యాజిలిన్ డబ్బా మూత తీయకుండా ఉంది. రంగు వేసే ముందు చెవులకీ నుదుటి అంచుకీ అది పూయాలట, పూస్తే మరక పట్టదు. ఆయన వేలమంది తలలకి మర్చిపోకుండా పూశాడు. డబ్బా వంక కాసేపు చూసి, "దొరకవట్టిచ్చిన సార్" అన్నాడు. "ఇరవై రెండేండ్లు దాస్తిమి. ఆఖరికి నేనే దొరకవట్టిచ్చిన. తెల్లగ పంపినా, ముసలోడయిండు అనుకుంటుండె. ఇప్పుడు దొంగోడనుకుంటది." ఏదో ఓదార్చబోయాను. చెయ్యి అడ్డం పెట్టాడు.

అయినా మాట మాటే. శుక్రవారం నమాజు అయ్యాక పెయింటర్‌ని రప్పించాడు. నేను, సిగ్గులేకుండా, కొత్త చొక్కా వేసుకుని వెళ్ళాను. వెళ్ళకుండా ఉందామని బయల్దేరేదాకా అనుకున్నాను. పెయింటర్ నన్ను స్టూలు మీద కూర్చోబెట్టి అటూ ఇటూ చూసి, "ఏటి బాబూ, మీ ముక్కు నాకొచ్చిన ముక్కులాగే ఉందే" అని సంబరపడ్డాడు. ఉస్తాద్ నూనె డబ్బా బొమ్మ కింద బోర్లించి ఎక్కాడు. కుంచె నీలంలో ముంచాడు. డ్రైవరు మొహం దాకా చెయ్యి ఎత్తాడు. ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఉంది. నీలం రంగు మోచేతి దాకా కారుతోంది.

నా ఫోన్ మోగింది. ఇండియా నంబరు. ఆ కొట్లో సిగ్నల్ అంతంతమాత్రం, స్పీకర్ పెడితేగానీ వినపడదు. పెట్టాను.

"సారూ, నేను... బస్సు డ్రైవర్ ఇంటామెను."

ఉస్తాద్ తల తిప్పకుండా అలాగే నిలబడిపోయాడు. నేను, అన్నీ సవ్యంగా జరిగాయా అమ్మా అని అడిగాను.

"అయినయి సారూ. అందరొచ్చిండ్రు. మీకొక మాట అడుగుదామని చేసిన. ఆయనకు రంగు ఎవలేసిండ్రు?"

"రంగా? ఏ రంగమ్మా?" అన్నాను. అబద్ధం ఆడటం కూడా రాదు నాకు.

"దాయకుండ్రి సారూ. నాకు ఎప్పటి సందో ఎరుకే. సెలవు మీదొస్తె రెండు నెల్లుంటుండె. పదిహేను దినాలకోపారి మండలాఫీసుల పనున్నదని పోతుండె. ఏం పనో నాకు తెల్వదా? అచ్చేటప్పుడు చెవులకు నల్ల మరకలు. నేను సూడనట్టే ఉంటుంటి. ఆయనకు గదొక్కటే ముచ్చట, నేనెందుకు కాదనాలె?"

ఉస్తాద్ డబ్బా మీద నుంచి దిగాడు. కుంచె పెయింటర్ చేతికిచ్చాడు. పెయింటర్ దాన్ని తీసుకెళ్ళి థిన్నర్‌లో కడిగేశాడు.

"గని దుబాయ్‌కెల్లి అచ్చిననాడు ఒక్క మరక ఉండకపోవు సారూ," అంటోంది ఆవిడ. "గక్కడ మంగలాయన ఎవలో గని, చెయ్యి మంచిది అనుకుంటుంటి. ఇన్నేండ్లల్ల ఒక్కపారి మరక తేలేదు. ఈపారి వడ్డది, కుడి చెవు మీద. గందుకే చేసిన. గాయిన పానం మంచిగున్నదా సారూ? చెయ్యి గిట్ల వణుకుతున్నదా?"

నేను ఫోన్ ఉస్తాద్ వైపు చాచాను. నీలం రంగు అంటిన చేత్తో తీసుకున్నాడు.

"అక్కా," అన్నాడు. "నాకేం గాలేదక్కా. చెయ్యి మంచిగనే ఉన్నది. చెవులకు వ్యాజిలిన్ వెట్టుడు మర్సిపోయిన. మాఫ్ చెయ్యి."

అవతల ఆవిడ ఊపిరి వదిలిన చప్పుడు స్పీకర్లో మాకందరికీ వినపడింది.

"గంతేనా తమ్మీ," అంది. "నీకేమన్న అయిందేమో అనుకున్న."